ప్రత్యక్ష తీగలు

ఉరవకొండ బస్టాండు నుంచి గుంతకల్లు రోడ్డులో కాస్త దూరం పోతే, పంక్చర్లు వేసే అంగడి పక్కన ఒక ఫ్లెక్సీ షాపు ఉంది. షాపు గౌతమిది. ముందుగదిలో ఆమె కంప్యూటరు, గోడ పొడుగునా పరుచుకున్న ప్రింటింగు మిషను ఉంటాయి. వెనక రేకుల కొట్టంలో ఆమె తండ్రి కదిరప్ప ఉంటాడు. ఆటో వెనక పేరు రాయించాలన్నా, గుడి గోడమీద దాతల పేర్లు ఎండకు వెలిసిపోకుండా ఉండాలన్నా జనం ఇప్పటికీ ఆ కొట్టానికే వస్తారు.

కదిరప్పది వేరుశనగ చేలల్లో కూలికి పోయే ఇల్లు. వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు అతని నాయన అతన్ని గుంతకల్లులో ఒక పెయింటరు దగ్గర పనికి పెట్టాడు. చదువు ఐదో తరగతితో ఆగింది. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఇంగ్లీషు రాదు. అయినా ఆ ప్రాంతంలో ఇంగ్లీషు బోర్డులు అంత అందంగా రాసేవాడు ఇంకొకడు ఉండేవాడు కాదు. అక్షరాలు అతనికి బొమ్మలు. ఏ అంటే తలలు ఆనించుకుని నిలబడ్డ రెండు కట్టెలు, నడుములో ఒక అడ్డకట్టె. ఎస్ అంటే పాము. ఓ అంటే గోలీ. అట్లా లేడీస్ టైలర్లు, ఫ్యాన్సీ స్టోర్లు, కట్ పీస్ సెంటర్లు ఊరంతా రాశాడు. వాటి అర్థం ఎవరైనా అడిగితే నవ్వేవాడు.

"అర్థం అంగడాయనకు తెలుసు, కొననీకి వచ్చేటోళ్లకు తెలుసు. నడమ నాకెందుకప్పా?" అనేవాడు.

ఆ మాట అనడం మానేసింది వజ్రకరూరు రోడ్డు పని తర్వాత. అక్కడ ఒక కల్వర్టు తవ్వి కడుతున్నారు. కాంట్రాక్టరు రెండు ఇంగ్లీషు ముక్కలు చెప్పి, వాటి కింద తెలుగు కూడా రాసేయమన్నాడు. ఆ ముక్కలు డెడ్ స్లో. కదిరప్ప ఇంటి పక్కన ఇంటర్మీడియట్ చదివే అబ్బాయిని అడిగాడు. డెడ్ అంటే చావు, స్లో అంటే నిదానం అని ఆ అబ్బాయి చెప్పాడు. తప్పేమీ చెప్పలేదు. మరుసటి రోజు కల్వర్టు దగ్గర పసుపు పచ్చ రేకుమీద నల్లటి అక్షరాలతో 'చచ్చిన నిదానం' అని బోర్డు లేచింది.

గుంతకల్లు బస్సు డ్రైవరు బండి ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడు.

"ఏమప్పా కదిరప్పా, ఎవరు సచ్చినారు ఈడ?"

బస్సంతా నవ్వింది. కొన్నాళ్లు ఊళ్లో ఎవడైనా ఆలస్యంగా వస్తే 'చచ్చిన నిదానం గాడు వచ్చినాడు' అనడం మామూలైపోయింది. కదిరప్పకు తిట్టు పడినా బాధ ఉండేది కాదు గానీ, అక్షరాన్ని చూసి నవ్వడం పట్టలేకపోయాడు. గుంతకల్లులో జయరాజు అని రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉండేవాడు. ఆఫీసు ఉత్తరాలు ఇంగ్లీషులో రాయడం ఆయన పని. క్వార్టర్లకు రంగులు వేసే రోజుల్లో కదిరప్పకు పరిచయం. ఒక ఆదివారం ఆయన చర్చి నుంచి ఇంటికి వచ్చే వేళకు కదిరప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"డెడ్ అంటే చావే కదా సార్? స్లో అంటే నిదానమే కదా? రెండూ రాసినా. నేను చేసిన తప్పేమి?"

జయరాజు బైబిలు లోపల పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"'వాడు నోరు జారినాడు' అంటావు కదా నువ్వు. జారి యాడ పడింది నోరు?"

"అట్ల కాదు సార్. అనగూడని మాట అన్యాడు అని."

"చూసినావా? నోరు ఒక మాట, జారేది ఒక మాట. రెండూ కలిసినాక ఇంకో మాట అయిపాయ. ఇంగ్లీషులోనూ అంతే. డెడ్ స్లో అంటే బాగా నిదానంగా అని. అందులో చావూ లేదు, పీనుగూ లేదు."

కదిరప్ప ఒప్పుకున్నట్టు తలూపాడు.

"అయితే ఏం రాయాల్ల?"

"ఆ కల్వర్టు కాడ బోర్డు లేదు, నువ్వే నిలబడిండావు. లారీ వస్తాంది. ఆయప్పకు ఏం చెప్తావు?"

"నిదానంగా పోన్నా, ముందర రోడ్డు తవ్విండారు అంటా."

"అదే రాయి."

అప్పటినుంచి ఇంగ్లీషు బోర్డు వస్తే కదిరప్ప ఆ మాటలు నోటికి పట్టుకుని ఆదివారం గుంతకల్లు పోయేవాడు. ఆ అరుగు మీద ఇద్దరికీ మంచి కాలక్షేపం. లాడ్జీ వాళ్లు రన్నింగ్ వాటర్ అని రాయమన్నారు. పరుగెత్తే నీళ్లా అని అడిగితే, కాదు, కొళాయి తిప్పితే ఎప్పుడైనా నీళ్లు వస్తాయని దాని అర్థం అన్నాడు జయరాజు. "మన ఊర్లో అట్ల వచ్చే లాడ్జీ యాడుంది సార్? అది రాస్తే నన్ను తంతారు," అన్నాడు కదిరప్ప. పెట్రోలు బంకు వాళ్ల రెస్ట్ రూమ్ గురించి జయరాజే ముందుగా హెచ్చరించాడు. విశ్రాంతి గది అని రాస్తే మనవాళ్లు లోపలికి పోయి తువ్వాలు పరుచుకుంటారు, మరుగుదొడ్డి అనే రాయమన్నాడు. ఫ్యామిలీ రెస్టారెంట్ దగ్గర మాత్రం ఇద్దరూ చాలాసేపు తలలు పట్టుకున్నారు. చివరికి దాన్ని అట్లాగే తెలుగు అక్షరాల్లో రాసేయడం మేలని తేల్చుకున్నారు. జనం నోట్లో పడి నలిగిన మాటను మళ్లీ తెలుగు చేయబోతేనే ఎవరికీ తెలియకుండా పోతుందని కదిరప్ప నమ్మకం. బస్టాండు, కరెంటు, టికెట్టు, సైకిలు, ఇవన్నీ అతని లెక్కలో తెలుగు మాటలే.

ఏళ్లు గడిచాయి. ఫ్లెక్సీలు వచ్చాయి. చేత్తో వారం రోజులు రాసే బోర్డును మనం టీ తాగి వచ్చేలోగా మిషను ఉమ్మేయడం మొదలుపెట్టింది. కదిరప్ప వయసు పెయింటర్లు కొందరు బెంగుళూరుకు బిల్డింగులకు సున్నాలు కొట్టడానికి పోయారు. కదిరప్ప కూతురు గౌతమి అనంతపురంలో కంప్యూటరు డిగ్రీ చదివింది. చదువు కాగానే, ఎక్కడో ఉద్యోగానికి పోయేకన్నా ఇక్కడే మిషను పెడతానంది. తల్లి తిప్పమ్మ వద్దంది. కదిరప్ప ఒక రాత్రి ఆలోచించి సరేనన్నాడు. పని పోగొట్టిన మిషను పక్క వీధిలో ఎవరింట్లోనో ఉండేకన్నా తన ఇంట్లో ఉండడమే నయమనుకున్నాడు.

గౌతమికి ఇంగ్లీషు వచ్చు. బాగానే వచ్చు. అందువల్ల తెలుగు చేయడం పెద్ద పని అని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. అయితే షాపు సాగే కొద్దీ తీరిక పోయింది. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, వర్ధంతులు, నాయకులకు స్వాగతాలు. ఇంగ్లీషు మాట వస్తే ఫోనులో కొట్టేది. ఫోను తెలుగు ఇచ్చేది. దాన్ని తెచ్చి బోర్డులో అతికించేది. కరోనా రెండో ఏడు జయరాజు చనిపోయాడు. కదిరప్ప ఆదివారం గుంతకల్లు ప్రయాణాలు దాంతో ఆగిపోయాయి.

ఆ తర్వాత కొన్నాళ్లకు వజ్రకరూరు వైపు మెట్టభూముల్లో ఒక సోలారు కంపెనీ వచ్చింది. చేలకు అడ్డంగా స్తంభాలు నాటి తీగలు లాగారు. లాగినంతవరకు లాగారు గానీ పని ఎక్కడో ఆగింది. ఏడాది పైచిలుకు ఆ తీగల్లో కరెంటు లేదు. ఊళ్లవాళ్లకు అది బాగా తెలుసు. గొర్రెల కాపర్లు తీగల కింద వేపకొమ్మలు, తుమ్మకొమ్మలు దోటితో లాగి గొర్రెలకు వేసేవాళ్లు. పొడుగాటి వెదురుకు చివర కొడవలి కట్టి ఉంటుంది, దాన్నే దోటి అంటారు. కొడవలి తీగకు తగిలినా ఏమీ అయ్యేది కాదు. తగలడం అలవాటైపోయింది.

ఎండాకాలం మొదట్లో కంపెనీ ఇంజనీరు శశి షాపుకు వచ్చాడు. తుమకూరు వైపు అబ్బాయి. తెలుగు మాట్లాడతాడు, మధ్యమధ్య కన్నడం దొర్లుతుంది, చదవడం రాదు.

"మేడం, లైను చార్జ్ చేస్తాం. దానికంటె ముందే ప్రతి స్తంభానికీ బోర్డు ఉండాల. మ్యాటర్ వాట్సాప్‌లో పెట్టినా. తెలుగు మీరే వేయండి," అన్నాడు.

పంపిన ముక్కలు మూడే. కాషన్, లైవ్ వైర్స్. గౌతమి అప్పుడు ఒక పెళ్లి ఫ్లెక్సీలో పెళ్లికూతురి మామల ఫొటోలు సర్దుతోంది. ఒక మామ ఫొటో పెద్దదైందని, ఇంకొకాయన అలిగాడని ఫోన్లు వస్తున్నాయి. ఆమె ఆ ముక్కలు ఫోనులో కొట్టింది. 'జాగ్రత్త, ప్రత్యక్ష తీగలు' అని వచ్చింది. టీవీల్లో లైవ్ అంటే ప్రత్యక్ష ప్రసారం కదా, ఆ లైవే ఇక్కడా వచ్చి కూర్చుంది. గౌతమి అచ్చుకు ఇచ్చేముందు తండ్రికి చూపించింది. అది ఆమెకు అలవాటు. ఎక్కువగా అక్షరాల పొందిక కోసం.

కదిరప్ప కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు.

"ప్రత్యక్ష అంటే ఏందే?"

"ఆఫీసు తెలుగు నాయనా. కంపెనీ వాళ్లకు అట్లనే ఉంటే బాగుంటాది."

"అక్షరం ఇంకొంచెం పెద్దది చెయ్యి. దూరం నుంచి కనపడదు," అన్నాడు కదిరప్ప.

గౌతమి అక్షరం పెద్దది చేసింది. బోర్డులు స్తంభాలకు ఎక్కాయి. లైను చార్జ్ చేసి తీగల్లోకి కరెంటు వదిలారు.

నాగన్న ఆ దగ్గరి ఊరి గొర్రెల కాపరి. నలభై దాటినవాడు. ఒక ఉదయం రెండు చినుకులు రాలాయి. నేల తడవనంత వాన. వెదురు మాత్రం తడిసింది. నాగన్న ఎప్పటిలాగే తీగల పక్కనున్న వేపచెట్టుకు దోటి ఎత్తాడు. కొడవలి తీగకు తగిలింది. దూరంగా ఉన్న వేరే కాపరి పెద్ద శబ్దం విని పరుగెత్తి వచ్చేసరికి నాగన్న బండమీద వెల్లకిలా పడి ఉన్నాడు. అరచేయి మాడిపోయింది. ఎడమ పాదం చిట్లింది. ప్రాణం ఉంది. కంపెనీ జీపులోనే అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయారు.

కదిరప్పకు ఈ సంగతి టీ అంగట్లో తెలిసింది. చెప్పినవాడు మామూలుగా చెప్పాడు.

"బోర్డుండాదంట అన్నా. ఏదో ప్రత్యక్షం అని రాసిండారంట. దేవుని బోర్డో ఏమో అనుకున్యారంట మావోళ్లు."

కదిరప్ప టీ గ్లాసు అక్కడే పెట్టి షాపుకు వచ్చాడు. కూతురికి విషయం చెప్పి, లైవ్ అంటే అసలు అర్థం ఏమిటని అడిగాడు. గౌతమికి చెప్పడానికి క్షణం కూడా పట్టలేదు. ఆమెకు తెలియని మాట కాదది.

"కరెంటు పారతాండే తీగలు అని," అంది. అనేసి, తాను అచ్చు వేసిన బోర్డును తెరమీద మళ్లీ తెరిచింది.

ఇద్దరూ ఆ పూటే అనంతపురం బస్సెక్కారు. ఆసుపత్రిలో నాగన్నకు చేతికి, కాలికి కట్లు కట్టి పడుకోబెట్టారు. రెండు వేళ్లు తీసేయాలని డాక్టర్లు చెప్పారు. మంచం పక్కన నేలమీద అతని భార్య ఆంజినమ్మ కూర్చుని ఉంది. కదిరప్ప తన పేరు, ఊరు చెప్పాడు. నాగన్న గుర్తుపట్టాడు. అతని ఊరి రామాలయం గోడమీద రాసింది కదిరప్పే.

"నాగన్నా, బోర్డు చూడలేదా?"

"చూసినా అన్నా. చదివినా గూడా. ప్రత్యక్షం అంటే కంటికి కనపడేది కదా? దేవుడు ప్రత్యక్షమాయ అంటారే, అట్ల. కనపడే తీగలు అని రాసిండారు. కనపడతానే ఉండాయి, దానికి ఎర్రబోర్డు ఎందుకబ్బా అనుకుంటి."

"జాగ్రత్త అని ఉండాది కదా?"

"తీగలు కోసుకొని పోతాండారని ముందునుంచీ కంపెనీ వాళ్ల గలాటా కదా. దొంగలకు రాసిండారులే అనుకుంటి."

గౌతమి ముందుకు వచ్చింది.

"అన్నా, ఆ మాట పెట్టింది నేనే. మా షాపులోనే అచ్చు వేసినాం."

ఆంజినమ్మ తల ఎత్తి ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వా? చదువుకున్నట్లుండావే. నీకు తెలుగు రాదా?"

ఆంజినమ్మ గొంతు పెరిగింది. వార్డులో అందరూ ఇటు తిరిగారు.

"తీగల్లోకి కరెంటొచ్చింది అని రాసింటే ఈయప్ప ఆ చెట్టు జోలికి పోయింటాడా? మొన్నటిదాకా కరెంటు లేదు, ఇప్పుడొచ్చింది. ఆ మాట చెప్పనీకే కదా బోర్డు పెట్టింది? చెప్పాల్సింది ఇడిసిపెట్టి ఏందేందో రాసినారే! అంత మాట రాయనీకి మీకేం కష్టమాయ?"

"ఊరుకోవే," అన్నాడు నాగన్న నీరసంగా. ఆమె ఊరుకోలేదు. నర్సు వచ్చి సర్దిచెప్పేదాకా తిడుతూనే ఉంది. గౌతమి నిలబడే అన్నీ విన్నది. బయటికి వచ్చాక కొళాయి దగ్గర ముఖం కడుక్కుంది.

తిరుగు బస్సు కూడేరు దాటింది. తర్వాత గౌతమి ఉన్నట్టుండి అంది.

"నువ్వు చూసినావు కదా నాయనా. నీకు అర్థం కాలేదు కదా. అర్థం కాలేదు, మార్చు అని ఎందుకు అనలేదు?"

"నీకు అర్థమైంటుందిలే అనుకుంటి."

"నేను సరిగ్గా చదవనే లేదు."

"ఆఫీసోళ్ల బోర్డులు ఎప్పుడు అర్థమైనాయి మనకు?" అన్నాడు కదిరప్ప. "అర్థం గాకుంటేనే అది ఆఫీసు మాట అనుకుంటాం. నేనూ అట్లనే అనుకుంటి. జయరాజు సార్ ఉండింటే ఒక్క మాట అడిగింటాను. ఆయప్ప లేడని అడిగేదే మానేస్తి."

గౌతమి కిటికీ వైపు తిరిగింది. నీళ్లు లేని చెరువుల్లో కంపచెట్లు వెనక్కి పోతున్నాయి.

ఆ సాయంత్రమే ఆమె శశికి ఫోను చేసింది. అతను కూడా ఆసుపత్రికి పోయి వచ్చాడట. గొంతులో దిగులు తెలుస్తోంది.

"నాకు తెలుగు చదవనీకి రాదు మేడం. రాసింది ఎవురికైనా చూపించి అడగాల్సింది. నేను అడగలా," అన్నాడు. బోర్డులన్నీ మార్చాలంటే పైఆఫీసు ఒప్పుకోవాలి, దానికి కొన్నాళ్లు పడుతుంది. ఉన్నవి తీసేస్తే అదింకా ప్రమాదం. అందుకని ఉన్న బోర్డు కిందనే రంగుతో అసలు మాట రాయమన్నాడు. పైవాళ్లకు తాను చెప్పుకుంటానన్నాడు.

కదిరప్ప మరుసటి పొద్దున్నే కుంచెలు కిరసనాయిల్లో నానబెట్టాడు. ఏం రాయాలన్న చర్చ రాలేదు. ఆంజినమ్మ తిట్టిన మాటే రాయాలని ఇద్దరికీ తెలుసు. 'ఈ తీగల్లోకి కరెంటు వచ్చింది. ముట్టుకుంటే చస్తారు.' కంపెనీ లైన్‌మన్ ఒకాయన వెంట వచ్చాడు. స్తంభం తర్వాత స్తంభం, మనిషి ఎత్తున ఉన్న రేకుమీద కదిరప్ప రాస్తూ పోయాడు. గౌతమి షాపు మూసేసి రంగుడబ్బా పట్టుకుంది. ఎండ నెత్తిమాడ్చేది. మధ్యాహ్నానికి కదిరప్ప అలసిపోయేవాడు. గీత పక్కకు పోతే గుడ్డతో తుడిచి మళ్లీ రాసేవాడు.

"ఎవరు చూస్తారులే నాయనా," అందామె ఒకసారి.

"వంకర గీత ఉంటే మనిషి గీతను చూస్తాడు, మాటను చూడడు," అన్నాడు.

చదువురానివాళ్ల సంగతి కూడా తేలాలి కదా. గౌతమి తన గొంతుతోనే ఆ రెండు మాటలు రికార్డు చేసి, ఆటోకు మైకు కట్టించి చుట్టుపక్కల ఊళ్లలో తిప్పించింది. ఆంజినమ్మ ఊళ్లో ఆటో తిరిగినప్పుడు ఆడవాళ్లు ఇళ్లలోంచి బయటికి వచ్చి, నాగన్న ఊసే కదా ఇది అనుకున్నారు.

పైఆఫీసు వాళ్లు ఊరికే ఒప్పుకోలేదు. కరెంటు తెలుగు మాట కాదని, చస్తారు అనడం మర్యాద కాదని అక్కడి నుంచి మెయిలు వచ్చింది. దాని బదులు 'విద్యుత్ ప్రవహించు తంత్రులు, ప్రాణాపాయము' అని వాళ్లే ఒకటి పంపారు. శశి ఆ రెండు మాటలూ వేరువేరు కాగితాల మీద అచ్చు వేయించుకుని, గౌతమిని వెంటబెట్టుకుని నాగన్న ఊళ్లో నీళ్ల ట్యాంకరు వచ్చే వేళకు పోయాడు. బిందెలతో వరసలో నిలబడిన ఆడవాళ్లకు గౌతమి ఒక్కొక్కటే చదివి వినిపించింది. తంత్రులు అనగానే ఒకామె మంత్రాలు వేసేవాళ్లా అని అడిగింది. రెండో కాగితం మీద కదిరప్ప మాట చదవగానే వెనకనుంచి ఎవరో అన్నారు.

"అది తెలుసులే తల్లీ. తాకితే పీకుతాది."

శశి దాన్నంతా ఫోనులో వీడియో తీసి పైకి పంపాడు. కొద్ది రోజుల తర్వాత మాట ఖాయమైంది. చస్తారు అన్నచోట మాత్రం ప్రాణం పోతుంది అని మార్చమన్నారు. అది పరవాలేదు, అందరికీ తెలిసే మాటే అన్నాడు కదిరప్ప. బోర్డులు మళ్లీ అచ్చయ్యాయి. తన చేత్తో రాసినవి దిగిపోయినందుకు అతనేమీ బాధపడలేదు.

నాగన్నకు కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు పోయాయి. పాదం మానడానికి చాలాకాలం పట్టింది. కంపెనీ వైద్యం చేయించింది, గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇచ్చింది. నాగన్న కొన్నాళ్లు చేసి మానేశాడు. కుర్చీలో కూర్చుంటే నిద్ర వస్తోందని, గొర్రెలు గుర్తొస్తున్నాయని చెప్పాడు. మళ్లీ మందతోనే తిరుగుతున్నాడు. దోటి పట్టుకోలేడు గనుక ఆంజినమ్మ వెంట పోయి కొమ్మలు లాగుతుంది. తీగలకు దూరంగా.

ఆంజినమ్మ గౌతమితో చాలాకాలం మాట్లాడలేదు. బస్టాండులో ఎదురుపడినా ముఖం తిప్పుకునేది. గౌతమి దానికి ఏమీ అనుకోలేదు, అనుకోవడానికి తనకు హక్కు లేదనుకుంది. ఈ ఏడాది ఉగాది ముందర ఆంజినమ్మ తానే షాపుకు వచ్చింది. కొడుకు కట్టిన కొత్త ఇంటికి పేరు రాయించాలట. కొడుకు ఇంగ్లీషులో స్వీట్ హోమ్ అని రాయించమన్నాడని చెప్పింది.

"అంటే ఏందమ్మా?" అని అడిగింది.

"తియ్యని ఇల్లు కాదక్కా," అంది గౌతమి వెంటనే. "మన ఇల్లు, మనకు బాగుండే ఇల్లు అని."

"అయితే మా మామ పేరు రాయండి. ఇల్లు ఆయప్ప జాగాలోనే కదా కట్టింది," అని ఆంజినమ్మ కదిరప్ప కొట్టంలోకి పోయి కూర్చుంది. అంతకు మించి పాత సంగతులేవీ మాట్లాడుకోలేదు.

గౌతమి ఇప్పుడూ ఫోను వాడుతుంది. అది ఇచ్చిన మాటను మాత్రం అచ్చు వేసేముందు పంక్చర్ల అంగడి దగ్గర కూర్చునే నలుగురికీ చదివి వినిపిస్తుంది. వాళ్లు టీ తాగుతూ తోచింది చెబుతారు. కొన్నిసార్లు పని తెమలదు. మొన్న ఊళ్లో కొత్తగా కట్టిన కల్యాణ మండపం వాళ్లు వచ్చారు. ఫైర్ ఎగ్జిట్ అని బోర్డు కావాలన్నారు. ఫోను అగ్ని నిష్క్రమణ అని ఇచ్చింది. గౌతమి దాన్ని అంగడి ముందు చదివింది.

"మంటలు బయటికి పొయ్యే దారా అమ్మా అది?" అన్నాడు పంక్చర్లాయన, ట్యూబు నీళ్లలో ముంచుతూ.

"మంటలు కాదన్నా, మనుషులు."

"అట్లయితే మనుషులకు చెప్పినట్ల రాయండి."

కాసేపు వాదించుకున్నాక 'మంటలంటుకుంటే ఈ దారిలో బయటికి పోండి' అని తేలింది. మండపం మేనేజరు ఇంత పొడుగు మాట తలుపు మీద పట్టదన్నాడు. గౌతమి కంప్యూటరులో అక్షరాలు చిన్నవి చేసి చూపించింది. వెనక నుంచి కదిరప్ప వచ్చి కళ్లద్దాలు సర్దుకుని తెరమీదికి వంగాడు.

"పొగలో చిన్నక్షరాలు కనపడవు. బోర్డే పెద్దది చెయ్యి."

మేనేజరు గొణిగి, ఓనరుకు ఫోను చేసి, చివరికి సరేనన్నాడు. గౌతమి కొలతలు మార్చి మిషను ఆన్ చేసింది.